రెండో బండిగా పాత బైక్: మెకానిక్ దొరికాకే బేరం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగారు. ఇంట్లో రోజూ తిరగడానికి ఒక బండి ఉంది, సరదాకి చిన్న పాత బైక్ ఇంకోటి కొనాలి, ఏది కొనమంటారు అని. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, అందులో రాసిందే మిగతావాళ్లలో చాలామందికి పనికొస్తుంది కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. ఆఫీసుకి 350 సీసీ బండి మీద పోతా, బాగానే ఉంది గానీ దాన్ని తీయాలంటేనే బరువు. ఆదివారం పొద్దున్నే గండిపేట దాకా వెళ్లి టీ తాగి రావడానికి ఓ చిన్న పాత బైక్ ఉంటే బాగుండని రెండేళ్లుగా ఆశ. యమహా ఆర్ఎక్స్ 100 అంటే ప్రాణం, మా మేనమామకి ఉండేది, దాని ట్యాంకు మీద కూర్చునే స్కూలుకెళ్లా. ఫ్రెండ్స్ యెజ్డీ తీసుకో అంటున్నారు. ఒకాయన హీరో హోండా సీడీ 100 చాలు అన్నాడు. లక్ష లోపల ఏది కొనమంటారు? — ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఏ బండి అని అడిగారు, నేను ముందు ఏ మెకానిక్ అని అడుగుతా. మీ ఇంటికి పది పదిహేను కిలోమీటర్ల లోపల టూ స్ట్రోక్ ఇంజిన్, అంటే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా తాగే పాత రకం ఇంజిన్, చేతులతో విప్పి బిగించిన మనిషి ఉన్నాడా? ఉంటే ఆయన ఏ బండి మీద ఎక్కువ పని చేశాడో అదే మీ బండి. ఈ మాట ఊరికే అనట్లేదు. నాకు యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది, 248.5 సీసీ, రెండు సైలెన్సర్లు, దాని శబ్దం విన్న రోజు నేను ఇంకేమీ ఆలోచించకుండా కొనేశా. ఒక వేసవిలో విజయవాడ వైపు వెళ్తుంటే సూర్యాపేట ఇంకా రాకముందే పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది, క్లచ్ పట్టుకున్నా కాబట్టి పడలేదు. బంకులో పెట్రోల్‌లో కలిపే ఆయిల్ కొలవకుండా అందాజాగా పోశా, పైగా కార్బొరేటర్ దగ్గర ప్యాకింగ్ గాలి లాగుతోందని నాకు తెలీదు, రెండూ కలిసి ఇంజిన్‌ని కాల్చేశాయి. ఆ చుట్టుపక్కల యెజ్డీ తెలిసినవాళ్లు దొరకలేదు, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని హైదరాబాద్ తెచ్చా. తర్వాత ఓ పెద్దాయన దొరికాడు, పాతికేళ్లుగా యెజ్డీలు, వాటి ముందు తరం జావాలు చేస్తున్న మనిషి, ఆయన దొరికాకే ఆ బండి నాకు నిజంగా సుఖం ఇచ్చింది. మెకానిక్ ముందు దొరికి ఉంటే నాకు ఒక బోరు, ఒక పిస్టన్, ఆరు నెలలు మిగిలేవి.

ఇప్పుడు బండ్ల సంగతి. ఆర్ఎక్స్ 100 మన దేశంలోకి 1985లో వచ్చింది, 1996లో ఆపేశారు. 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్‌పవర్, బరువు చూస్తే వంద కిలోలకి అటూ ఇటూ. ఆ బరువుకి ఆ పవర్ కాబట్టే ఇప్పటికీ సిగ్నల్ దగ్గర అది కదిలే తీరు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, 350 సీసీ తోలే మీకు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. స్పేర్లు దొరుకుతాయి, పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు తిరిగితే పిస్టన్ దగ్గర్నుంచి సైడ్ ప్యానెల్ దాకా ఉంటాయి, కానీ అందులో ఒరిజినల్ ఏదో డూప్లికేట్ ఏదో చెప్పగలిగే కన్ను కావాలి, మళ్లీ అది మెకానిక్ దగ్గరే ఉంటుంది. దీని అసలు ఇబ్బంది ధర. అందరికీ మేనమామలు ఉన్నారు, అందరికీ ఆ ట్యాంకు మీద కూర్చున్న జ్ఞాపకం ఉంది, అందుకే శుభ్రంగా కనపడే బండికి లక్ష దాటి చెప్తున్నారు. ఆ లక్షలో చాలా వరకు కొత్త పెయింటు, కొత్త స్టిక్కర్లు, మెరిసే క్రోమ్. మీకు నేను చెప్పేది, పెయింటు పోయినా ఇంజిన్ విప్పని బండి దొరికితే దాన్ని తీసుకోండి, పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు.

యెజ్డీ, జావా గురించి నాకు పక్షపాతం ఉంది, దాచను. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో బండ్లు చేయడం మొదలుపెట్టింది, 1973 నుంచి యెజ్డీ పేరు పెట్టారు, 1996లో మూతపడింది. కిక్ రాడ్డే గేర్ రాడ్డుగా పనిచేసే బండి అది, ఎడమ వైపు, కిక్ కొట్టి ముందుకి మడిస్తే గేర్ లివర్. ఒకే రాడ్డుతో ఆడే ఆ సరదా ఇంకే బండిలోనూ నాకు దొరకలేదు. జులై రెండో ఆదివారం జావా డే అని ప్రపంచమంతా జరుపుకుంటారు, మన దగ్గర కూడా బండ్లన్నీ ఒకచోట చేరతాయి, కొనే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి పదిమంది ఓనర్లతో మాట్లాడండి, వాళ్లు చెప్పే కష్టాలన్నీ విన్నాక కూడా కావాలనిపిస్తే అప్పుడు మీకు రాసిపెట్టి ఉంది. కానీ మీరు చిన్న బండి, తేలిక బండి అన్నారు. యెజ్డీ తేలిక కాదు. పెట్రోల్‌లో ఆయిల్ కలపాలి, స్పార్క్ ఇచ్చే పాయింట్ల గ్యాప్ చూసుకోవాలి, ఎక్కువ బండ్లకి 6 వోల్టుల లైటు, రాత్రి తోలితే అది వెలుగు కాదు, గుర్తు మాత్రమే. ఆదివారం పొద్దున బండికి ఇంకో పొద్దున పని చేసే ఓపిక మీకుంటేనే యెజ్డీ.

సీడీ 100 చాలన్నాయన తెలివైన మాట చెప్పాడు. 1985లో వచ్చింది, 97.2 సీసీ ఫోర్ స్ట్రోక్, 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్' అని టీవీలో వచ్చేది గుర్తుందా, అదే. దాని ఇంజిన్ వంశమే తర్వాత 1994లో స్ప్లెండర్‌లోకి వచ్చింది, అందుకే మన పల్లెటూళ్లో చెట్టుకింద కూర్చునే మెకానిక్ కూడా కళ్లు మూసుకుని విప్పేస్తాడు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ స్టైల్ బండి అనలేదు, ఇప్పుడు చూడండి, ఆ చదరపు హెడ్‌లైటు, ఆ మూసేసిన చైన్ కవరు, ఎంత ముచ్చటగా ఉంటుందో. ధర కూడా ఆర్ఎక్స్‌తో పోలిస్తే చాలా తక్కువ.

రాజ్‌దూత్ 175 గురించి మీరు అడగలేదు కానీ పక్క ఉత్తరంలో ఒకాయన అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తా. పోలండ్ బండి ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నుంచి వచ్చిన డిజైన్, 173 సీసీ, మూడే గేర్లు, పాల క్యాన్లు మోసిన బండి. దాని మీద ఊళ్లో తిరుగుతుంటే పెద్దవాళ్లు ఆపి మాట్లాడతారు, అది వేరే ఆనందం. స్పేర్లు మాత్రం వెతుక్కోవాలి. సుజుకి ఏఎక్స్ 100, సమురాయ్, కవాసాకి బజాజ్ కేబీ 100 ఇవన్నీ మంచి బండ్లే, వీటిల్లో కేబీ 100కి నాకు తెలిసి పేరు రావాల్సినంత రాలేదు, మీ మెకానిక్‌కి తెలిసుంటే ఆర్ఎక్స్ ధరలో సగానికే అదే సరదా దొరకొచ్చు.

మరి మీకు ఏది అంటే, మీ గుండె ఆర్ఎక్స్ దగ్గర ఉంది, దాన్ని వదిలి సీడీ కొంటే ఆర్నెల్లకి మళ్లీ ఉత్తరం రాస్తారు. ఆర్ఎక్సే కొనండి, కానీ బేరానికి మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఆయన రోజు కూలి ఇచ్చేయండి. అమ్మే ఆయనకి ముందే ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయకుండా ఉంచమనండి, వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారనే అనుకోండి. చల్లటి బండి రెండు మూడు కిక్కులకి లేవాలి. మొదట పొగ వస్తుంది, అది టూ స్ట్రోక్ స్వభావం, పది నిమిషాలు తిప్పాక కూడా తెల్లగా దట్టంగా వస్తూనే ఉంటే క్రాంక్ ఆయిల్ సీలు పోయి గేర్ ఆయిల్ మండుతోందని అర్థం, అది ఇంజిన్ మొత్తం విప్పే పని. కింద గరగరమని శబ్దం వస్తే క్రాంక్ బేరింగ్. బోరు, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల గీసి పెద్దది చేయడం, ఎన్ని సార్లు కొట్టారో అడగండి, పాయింట్ 25, పాయింట్ 50 మిల్లీమీటర్లయితే పర్లేదు, ఒక మిల్లీమీటరు దాకా వచ్చేసి ఉంటే ఆ బ్లాకుకి ఇంక ఎక్కువ ఆయుష్షు లేదు. ట్యాంకు మూత తీసి సెల్ టార్చ్ వేసి లోపల తుప్పు చూడండి. హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్ మెడ మీద వెల్డింగ్ గుర్తులుంటే అక్కణ్ణుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

చివరగా ఒకటి, లక్ష బడ్జెట్ అంటే బండికి డెబ్బై పెట్టండి, ముప్ఫై పక్కన ఉంచండి. మొదటి మూడు నెలల్లో టైర్లు, కేబుళ్లు, బ్రేక్ షూలు, కార్బొరేటర్ కిట్టు, చైన్ సెట్టు వీటికే అది అయిపోతుంది. ముందు చక్రానికి 2.50-18, వెనక 2.75-18, ఆ సైజు టైర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి కాబట్టి పాత టైరు మీద గీతలు బాగున్నాయని తోలొద్దు, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ. ఒక ఆర్ఎక్స్ 135 బేరం కుదిరింది, నేను ఉండేది హైదరాబాద్, బండి ఏపీ 16 నంబరు. సి-బుక్‌లో ఉన్న పేరు అమ్మే అబ్బాయి తండ్రిది, ఆయన పోయారు. ఆర్‌సీ గడువు ఎప్పుడో అయిపోయిందట. 'కాగితాలు తర్వాత చూసుకుందాం సార్, అందరూ అట్లాగే తిరుగుతున్నారు' అంటున్నాడు. ధర బాగా తక్కువ. తీసుకోవచ్చా? — ఓ పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇలాగైతే వద్దండి. ధర తక్కువ చెప్పింది బండికి కాదు, ఆ కాగితాల కష్టానికి. వరసగా చెప్తా చూడండి, మీ దగ్గరికి వచ్చేసరికి ఎన్ని గుమ్మాలున్నాయో. ముందు తండ్రి పేరు మీంచి వారసుల పేరుకి మారాలి, దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి ఫారం 25, బండిని చూపించాలి, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, ఇన్నేళ్లు ఆలస్యం చేసినందుకు నెలకింత అని అదనంగా పడుతుంది. 2025లో కేంద్రం 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజే 2,000 చేసింది, దానికి మిగతావన్నీ కలుపుకోండి. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా, అంటే ఇప్పుడు వేరే రాష్ట్రం, కాబట్టి అక్కణ్ణుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకుని ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ట్యాక్స్ సంగతి కూడా ఉంటుంది. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మీ పేరు.

ఇవన్నీ జరగని పనులని కాదు, జరుగుతాయి, నేనూ ఒకటి చేయించా, ఎనిమిది నెలలు పట్టింది. కానీ అవి అమ్మే అబ్బాయి చేయాల్సిన పనులు. ఆయనకి ఒక మాట చెప్పండి, 'తమ్ముడూ, బండిని మీ పేరు మీదకి తెచ్చి రెన్యువల్ చేయించి ఎన్‌వోసీ తీసుకో, అప్పుడు నువ్వడిగిన దానికన్నా పదివేలు ఎక్కువిస్తా' అని. చేస్తే మంచి బండి, మంచి మనిషి. చేయనంటే బండి ఫొటో ఫోన్‌లోంచి కూడా తీసేయండి, రోజూ చూస్తుంటే మనసు లాగుతుంది.

ఇంకోటి, పాత టూ స్ట్రోక్ బండ్లకి ఇంజిన్లు మార్చేయడం మామూలే, ఒక బండి ఫ్రేమ్‌లో ఇంకో బండి ఇంజిన్ కూర్చోబెట్టేస్తారు. ఫ్రేమ్ మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజిన్ మీద నంబరు, రెండూ గుడ్డతో తుడిచి సి-బుక్‌తో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. అంకెలు వంకరగా, ఒకటి లోతుగా ఇంకోటి పైపైన ఉంటే మళ్లీ గుద్దారని అర్థం, అది ఎవరి ఇంటి ముందు నుంచి పోయిన బండో మనకి తెలీదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క కిలోమీటరు కూడా తోలొద్దు, సరదా బండి అయినా సరే, గుద్దుకున్న మనిషికి అది సరదా కాదు.

ప్రశ్న: అండీ, మా నాన్నగారి సీడీ 100 ఎస్ఎస్ మా తెనాలి ఇంట్లో షెడ్డులో పన్నెండేళ్లుగా ఉంది. ఆయన లెక్చరర్, రిటైర్ అయ్యేదాకా దాని మీదే కాలేజీకెళ్లేవారు. ఇప్పుడు ఆయన లేరు. నేను వైజాగ్‌లో ఉంటా, నాకు స్కూటర్ ఉంది, గేర్ బండి కాలేజీ రోజుల్లో నాన్నగారే నేర్పారు కానీ తర్వాత తోల్లేదు. దాన్ని తెచ్చుకుని బీచ్ రోడ్డులో తోలాలని ఉంది. అమ్మ, అన్నయ్య పాత సామానోడికి ఇచ్చేద్దామంటున్నారు. ఇది అయ్యే పనేనా? నేను ఐదడుగుల రెండంగుళాలు, కిక్ కొట్టగలనా? — ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చిన బండి మీదే. దయచేసి పాత సామానోడికి ఇవ్వనివ్వకండి. కిలోల లెక్కన నాలుగు డబ్బులొస్తాయి, అంతే, మళ్లీ ఎన్ని లక్షలు పెట్టినా నాన్నగారు తోలిన బండి ఇంకోటి దొరకదు. పైగా బయట పాత బండి కొనేవాళ్లకి ఉండే అనుమానాలేవీ మీకు లేవు, ఎవరు తోలారో ఎలా తోలారో మీకు తెలుసు, కాగితాలు ఇంట్లోనే ఎక్కడో ఉంటాయి. ముందు ఆ సి-బుక్ వెతకండి, నాన్నగారి ఫైళ్లలో, ఇనప బీరువాలో. దొరక్కపోతే డూప్లికేట్‌కి ఫారం 26 ఉంది. పై జవాబులో రాసిన ఫారం 31 మీక్కూడా కావాలి, అన్నయ్యగారు, అమ్మగారు సంతకం పెట్టాలి కాబట్టి వాళ్లని ఒప్పించడం మొదటి పని.

రెండో పని, అక్కడికి వెళ్లినప్పుడు ఆత్రంగా కిక్ కొట్టొద్దు. అన్నయ్యగారిక్కూడా చెప్పండి. పన్నెండేళ్లు కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు బోరుకి అతుక్కుని ఉండొచ్చు, బలంగా తొక్కితే రింగు విరిగి గోడ గీసేస్తుంది. ప్లగ్ విప్పి ఆ కన్నంలో రెండు మూడు స్పూన్లు ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి ప్లగ్ పెట్టకుండానే కిక్ రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కి చూడండి, కదిలితే సగం యుద్ధం గెలిచినట్టే. పాత పెట్రోల్ మొత్తం తీసేయాలి, అది ఇప్పటికి జిగురైపోయి ఉంటుంది, వాసన చూస్తేనే తెలుస్తుంది. కార్బొరేటర్ విప్పి జెట్లు కడిగించండి, ఇంజిన్ ఆయిల్ మార్చండి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, పెట్రోల్ పైపు, కేబుళ్లు, బ్రేక్ షూలు, రెండు టైర్లు ట్యూబులు కొత్తవి. బ్యాటరీ కొనేముందు పాతదాని మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసుకుని అదే కొనండి. ఇవన్నీ చేయడానికి స్పెషలిస్టు అక్కర్లేదు, తెనాలిలోనే హీరో హోండాలు చేసే పాత మెకానిక్ దగ్గరికి నెట్టుకెళ్తే చాలు. వీలైతే నాన్నగారు చేయించుకునే మెకానిక్ ఉన్నాడేమో అమ్మగారిని అడగండి, ఆయన ఆ బండిని చూసి గుర్తుపడతాడు చూడండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, రంగు వేయించొద్దు. కొంచెం తుప్పు రుద్దించి పాలిష్ పెట్టించండి చాలు. ట్యాంకు మీద నాన్నగారి మోకాళ్లు ఒరుసుకుని పెయింటు పోయిన చోట్లుంటాయి, అవి పోతే అది ఇంకో బండైపోతుంది.

కిక్ సంగతి, అది బలంతో పని కాదు. ఇది వంద సీసీ బండి, మెత్తగా ఉంటుంది. స్టాండు వేసి, చల్లగా ఉంటే చోక్ వేసి, రాడ్డుని మెల్లగా కిందికి నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా తగులుతుంది, అక్కడ ఆగి, రాడ్డుని పైకి రానిచ్చి, అప్పుడు కాలి బరువంతా వేసి చివరిదాకా తొక్కాలి. సగంలో వదిలేయకూడదు. ఎత్తు కూడా సరిపోతుంది. బీచ్ రోడ్డు ఉప్పు గాలికి మాత్రం జాగ్రత్త, తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి చైనుకి, రిమ్ములకి కాస్త ఆయిల్ రాయండి, లేకపోతే తెనాలి షెడ్డులో పన్నెండేళ్లకి పట్టని తుప్పు వైజాగ్‌లో రెండేళ్లకే పడుతుంది.

ప్రశ్న: సార్ ఆర్ఎక్స్ 100 కొని మూడు నెలలైంది. మెకానిక్ ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లో కలుపుకో అంటున్నాడు, అదే సేఫ్ అంట. ఇంకోటి, నెలకి రెండుసార్లే తీస్తా, తీసిన ప్రతిసారీ స్టార్టింగ్ ట్రబుల్. సైలెన్సర్ కూడా లోపలి జాలీ తీసేస్తే పికప్ పెరుగుతుందని ఫ్రెండ్ అన్నాడు. — ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: పంపు తీయమనే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు, వాళ్ల భయం నిజమే, పాత పంపు ఆగిపోతే ఇంజిన్ పోతుంది. కానీ ఆ పంపు గొప్పతనం ఏంటంటే యాక్సిలరేటర్ తిప్పినదాన్ని బట్టి, ఇంజిన్ స్పీడుని బట్టి ఆయిల్ ఇస్తుంది, మెల్లగా పోతే తక్కువ, లాగితే ఎక్కువ. పెట్రోల్‌లో కలిపితే ఎప్పుడూ ఒకటే లెక్క, అందుకే సిటీలో తిరిగే బండికి పొగ, ప్లగ్ నల్లబడటం. పంపు బాగుంటే, కేబుల్ గుర్తులు సరిగ్గా కుదిర్చి, గాలి తీసి, పైపులు మార్చి ఉంచుకోండి, ఆయిల్ ట్యాంకు ప్రతిసారీ చూసుకోండి. పంపే అరిగిపోయి ఆయిల్ సరిగ్గా రాకపోతే మాత్రం మీ మెకానిక్ మాట వినండి, అప్పుడు కొలత గ్లాసు పెట్టుకుని కలపండి, నా యెజ్డీకి నేను లీటరుకి 40 మిల్లీలీటర్లు పోస్తా, మీ బండికి మీ మెకానిక్ చెప్పిన లెక్క. మంచి 2టీ ఆయిల్ వాడండి, విడి ఆయిల్ వద్దు. కలిపే బండితో శ్రీశైలం ఘాట్ లాంటి చోట దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ మొత్తం మూసేసి ఇంజిన్ బ్రేక్ మీద అలా పోతూ ఉండకండి, పెట్రోల్ ఆగితే దాంతో పాటు ఆయిలూ ఆగుతుంది, మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి రేజ్ ఇస్తూ దిగాలి.

స్టార్టింగ్ ట్రబుల్‌కి కారణం బండి కాకపోవచ్చు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే, ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, వాషర్లని మెత్తబరుస్తుంది, కార్బొరేటర్ గిన్నెలో రెండు వారాలుంటే జెట్టు దగ్గర పాచిలా పడుతుంది. ఇంటికొచ్చే చివరి కిలోమీటరులో పెట్రోల్ కాక్ మూసేయండి, గిన్నెలో ఉన్నది తాగేసి ఇంజిన్ దానంతటదే ఆగిపోవాలి, అప్పుడు లోపల పెట్టండి. మీది పంపు ఉన్న బండి కాబట్టి ఇలా ఆపినా ఆయిల్ అందుతూనే ఉంటుంది, కలిపే బండి అయితే ఇలా కాకుండా బండి ఆపాక గిన్నె కింద స్క్రూ విప్పి వదిలేయాలి. ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ చోటు తగ్గితే తేమ తగ్గుతుంది. పైపు, వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి.

జాలీ తీయొద్దు. టూ స్ట్రోక్ సైలెన్సర్ ఊరికే పొగ గొట్టం కాదు, అక్కణ్ణుంచి వెనక్కి కొట్టే అలే తాజా పెట్రోల్‌ని సిలిండర్‌లో ఆపుతుంది, దాన్ని పాడు చేస్తే శబ్దం పెరిగి తక్కువ స్పీడులో లాగే బలం పోతుంది. పికప్ తగ్గిందనిపిస్తే జాలీ బయటికి లాగి కార్బన్ కొట్టించి మళ్లీ పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. అరిచే సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ పేపర్లో చూసే ఉంటారు.

ప్రశ్న: మా తాతగారి 1972 జావా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదా? — ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు లేకుండా ఉన్న బండి వింటేజ్. మీది అర్హతలో ఉంది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000, నంబరులో వీఏ అని వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ నంబరుతో బండిని రోజువారీగా తిప్పకూడదు, ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేరు, ఇలాంటి వాటికే. మీకు ఆదివారం వరంగల్ కోట దాకా వెళ్లి రావాలనుంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి. ఆర్ఎక్స్ 100 'వింటేజ్' అని అమ్మేవాళ్లు రాస్తున్నారు చూడండి, చట్టం లెక్కలో అది ఇంకా పాత బండి మాత్రమే, 1985 బండికైనా 2035 రావాలి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం అండీ. ఇక్కడ నాకు కారే, బైక్ లేదు. ఇండియాలో యెజ్డీ తోలేవాణ్ణి. ఇక్కడ అలాంటి చిన్న పాత బండి ఏదైనా ఉందా, మా కాలనీ చుట్టుపక్కల తోలడానికి? — ఓ పాఠకుడు, టెక్సస్

జవాబు: మీకు హోండా సీటీ 90 చెప్తా. 1966 నుంచి 1979 దాకా అమెరికాలో బాగా అమ్మారు, ఫోర్ స్ట్రోక్, క్లచ్ లివర్ ఉండదు, కాలితో గేరు వేస్తే చాలు, వేటకి, చేపలకి వెళ్లేవాళ్లు కొన్న బండి కాబట్టి మన రాజ్‌దూత్‌లా మొండిది. స్పేర్లు ఇప్పటికీ ఇంటికి తెప్పించుకోవచ్చు. ఫ్రీవే మీదకి మాత్రం పనికిరాదు. ఇంకాస్త పెద్దది, యెజ్డీలా చేతినిండా ఉండాలంటే 1968 నుంచి 1973 దాకా వచ్చిన హోండా సీబీ 350, రెండు సిలిండర్లు, సెల్ఫ్ స్టార్ట్. ఏది కొన్నా టైటిల్ కాగితం, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం, చేతికిచ్చే ఓనర్ దగ్గరే కొనండి, 'బార్న్‌లో (పాత కొట్టంలో) దొరికింది, కాగితం లేదు' అనే బండి ఉప్పల్ పాఠకుడికి చెప్పిన బండి లాంటిదే.

ప్రశ్న: అన్నా, నాకు 19. ఇంట్లో నాన్నది స్ప్లెండర్ ఉంది, పాతది. నాకు ఆర్ఎక్స్ కావాలి, ఇన్‌స్టాలో చూసి పిచ్చెక్కిపోతోంది. ఇంట్లో ఎలా ఒప్పించాలి? — ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, నీ వయసులో నాకూ అంతే ఉండేది కాబట్టి నీ బాధ నాకు తెలుసు. కానీ ఆర్ఎక్స్‌కి ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, సన్న టైర్లు, పవర్ ఒక్కసారిగా వచ్చేస్తుంది, ఆగడం మాత్రం అంత వేగంగా జరగదు. ఆ వీడియోల్లో ముందు చక్రం లేపే వీలీ చూపిస్తారు, పడ్డది చూపించరు. రెండో బండిగా పాత బైక్ అని ఇంతసేపు చెప్పింది కూడా అందుకే, రోజూ కాలేజీకి దాని మీదే ఆధారపడితే పొద్దున స్టార్ట్ కానప్పుడల్లా దాన్ని తిట్టుకుంటావ్.

ఇంట్లో ఒప్పించడానికి ఒక దారి చెప్తా. నాన్న స్ప్లెండర్ కార్బొరేటర్ బండే అయ్యుంటుంది. మీ వీధి మెకానిక్ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చో, ఆయనకి స్పానర్లు అందించు, టీ తెచ్చిపెట్టు, తర్వాత నాన్న బండి కార్బొరేటర్ నీ చేత్తో విప్పి కడిగి మళ్లీ బిగించి, చైన్ సర్ది, బ్రేకులు సరిచేసి ఆయనకివ్వు. నాన్న దాన్ని తోలి వచ్చి ఏమన్నారో నాకు రాయి, ఆర్ఎక్స్ సంగతి ఆ ఉత్తరంలో మాట్లాడుకుందాం.